పత్రికల పక్షములు – పాఠకుని ధర్మము

(కొత్తగూడలో పఠనాలయ సభ్యుల యెదుట చేసిన ఉపన్యాస పాఠము)

 

మీ పఠనాలయమున నన్ను మాటలాడుమని పిలిచినప్పుడు ఏ విషయమును గూర్చి మాటలాడవలెనని మీ కార్యదర్శిగారి నడిగితిని. ఆయన యొక ప్రశ్ననే నాకు విషయముగా నిచ్చిరి. “అయ్యా! మా బల్లమీద నాలుగు పత్రికలుండును. ఒకటి ఔనన్నదానిని మరొకటి కాదనును. ఇది ఆ పార్టీవారిది, అది ఆ ప్రాంతమువారిది అని చదువరులు కాగితము తెరవకమున్నే తీర్పు చెప్పుచున్నారు. ఇట్టి పత్రికల వలన దేశమునకు మేలా, కీడా?” అని వారి ప్రశ్న. ఇది కొత్తగూడవారి ప్రశ్న మాత్రమే కాదు. అచ్చుయంత్రము ఏ దేశమునకు పోయినను, దాని వెంట ఈ ప్రశ్నయు పోయినది.

నా సమాధానమును ముందే మనవి చేసెదను. పత్రికకు పక్షముండుట దోషము కాదు. పక్షములేని మనుష్యుడు లేనట్లే పక్షములేని పత్రికయు అరుదు. ఎదుటి పక్షపు మాటను తన పాఠకుని చెవిని పడనీయకుండుట దోషము. తన యన్నదాత యెవరో దాచుట దోషము. నిందకు నిదర్శనముతో గాక నిందతోనే బదులు చెప్పుట దోషము. ఈ మూడు దోషములు లేనంతకాలము పత్రికల పోటీ దేశమును చెరచదు సరికదా, దానికి కన్నులు తెరిపించును. ఈ మాట ఊరక చెప్పినచో చెల్లదు గనుక చరిత్రలోనికి పోవుదము.

చరిత్ర యనగానే దూరము పోనక్కరలేదు. మన మహబూబాబాదు జిల్లాలోనే ఇనుగుర్తి యను గ్రామము కలదు. 1922వ సంవత్సరమున ఆ గ్రామమునుండి ‘తెనుగు’ అను వారపత్రిక వెలువడెను. ఒద్దిరాజు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు అను సోదరులిద్దరు దానిని నడిపిరి. రాజధానిలో గాదు, జిల్లా కేంద్రములో గాదు, పల్లెలో ముద్రణాలయమును నెలకొల్పి, పల్లెలోనే అక్షరములు కూర్చి, అచ్చొత్తి, పంపిరి. అదే యేట నల్లగొండలో షబ్నవీసు వేంకటరామనరసింహారావు ‘నీలగిరి’ పత్రికను ప్రారంభించిరి. రాజభాష ఉర్దూ, బడి ఉర్దూ, కచ్చేరి ఉర్దూ. అట్టి రాజ్యమున ఒకే యేట రెండు తెలుగు పత్రికలు ఏ ధైర్యముతో పుట్టినవి?

దానికి ముందటి యేడు, అనగా 1921 నవంబరులో, హైదరాబాదున సంఘసంస్కార మహాసభ జరిగెను. ఆ సభలో ఇంగ్లీషున, ఉర్దూలో, మరాఠీలో మాటలాడినవారిని జనులు శ్రద్ధగా వినిరి. ఆలంపల్లి వేంకటరామారావు అను న్యాయవాది లేచి తెలుగున మాటలాడ నారంభింపగా సభలో గోల పుట్టెను, హేళన పుట్టెను. ఆ రాజ్యపు జనులలో సగమునకు దగ్గరగా తెలుగువారే యుండియు, తెలుగు మాటకు సభామర్యాద దొరకలేదు. ఆ యవమానమునుండియే ఆంధ్రజనసంఘము పుట్టినది. ఆ వేడి చల్లారకమున్నే పత్రికలును పుట్టినవి. కావున మన తెలంగాణపు పత్రికలకు పుట్టుకతోడనే ఒక పక్షము కలదు. అది గోలచేత నోరు మూయబడిన వాని పక్షము. దానిని దోషమని యెవ్వరనగలరు?

ఇంతలో కోస్తా జిల్లాలవైపు చూడుడు. అక్కడ తెలుగు పత్రికలు అప్పటికే వేళ్లూని యుండెను. బందరులో 1902లో పుట్టిన కృష్ణాపత్రిక 1907 నుండి ముట్నూరి కృష్ణారావుగారి సంపాదకత్వమున నడచుచుండెను. కాశీనాథుని నాగేశ్వరరావుగారు 1908లో బొంబాయిలో వారపత్రికగా స్థాపించిన ఆంధ్రపత్రిక, 1914లో మద్రాసునకు వచ్చి దినపత్రిక యయ్యెను. ఆంధ్రరాష్ట్రము కావలెనను కోర్కెకు ఆ పత్రికలు గొంతుకలైనవి. వాని సేవను తక్కువచేసి చెప్పుట కృతఘ్నత. అయినను, ఒక యింటిదీపము వేరొక యింటి మూలలను చూపజాలదు గదా! నిజాము రాజ్యపు తెలుగువాడు తన పల్లె వార్తను, తన వెట్టిచాకిరి కష్టమును, తన బడిలేమిని చదువుకొనవలెనన్న, తన గడ్డమీద తన పత్రిక కావలసియుండెను. ఆ కొరతను తీర్చుటకే 1926లో హైదరాబాదున సురవరం ప్రతాపరెడ్డిగారు సంపాదకులుగా గోలకొండ పత్రిక బయలుదేరినది.

ప్రాంతముల నడుమ పోటీ యనునది అప్పుడే సూటిగా ముందుకు వచ్చెను. నిజాము రాష్ట్రమున తెలుగు కవులు పూజ్యము, అనగా సున్న, అని యొక పండితుడు వ్రాసెను. ఆ మాట తెలంగాణపు సాహిత్యప్రియులకు పుండుమీద కారమయ్యెను. ప్రతాపరెడ్డిగారి చేతిలో పత్రిక యున్నది, కలమున పదునున్నది. వారు తలచినచో ఆ పండితుని పేరెత్తి నెలల తరబడి నిందింపవచ్చును. తీరపువారి కవిత్వములో తప్పులు వెదకి పేజీలు నింపవచ్చును. పాఠకులును చప్పట్లు కొట్టియుందురు. వారు అట్లు చేయలేదు. తమ పత్రికాముఖమున కవులను పిలిచిరి. మీ పద్యములు పంపుడు, మీ వివరములు పంపుడు అని యడిగిరి. 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ను ప్రకటించిరి. అందు 354 మంది కవులున్నారు. సున్న యన్నవానికి మూడువందల యేబదినాలుగు అని బదులు!

ఈ బదులులోని ఘనతను మీరు గమనింపవలెను. నిందకు నింద బదులైనచో రెండు నిందలు మిగులును. పాఠకునకు ఏమియు మిగులదు. నిందకు నిదర్శనము బదులైనచో నింద సమసిపోవును, నిదర్శనము నిలుచును. ఆ పండితుని మాట లేకున్న ఆ సంచిక పుట్టెడిదో లేదో! ప్రాంతముల పోటీ యొక గ్రంథమును కన్నది. పోటీ కీడనువారు ఆ గ్రంథమును చేతబట్టుకొని మాటలాడవలెను.

రాయలసీమ కథయు ఇట్టిదే. అనంతపురమునుండి 1926లో పప్పూరి రామాచార్యులుగారు ‘శ్రీసాధన’ పత్రికను ప్రారంభించిరి. ఆంధ్రరాష్ట్రము వచ్చినచో విద్యయు, ఉద్యోగములును, నీరును, రాజధానియు తీరమువారికే పోవునేమో యను భయము సీమవారికి కలదు. ఆ భయమును అసూయ యని కొట్టివేయక, ఎదుట కూర్చుండి మాటలాడుటకు 1937 నవంబరు 16న మద్రాసున పెద్దలు కూడిరి. ఎక్కడ కూడిరి? నాగేశ్వరరావుగారి గృహమున; దాని పేరు శ్రీబాగు. రాజధాని, హైకోర్టు అను రెంటిలో తమకు కావలసినది కోరుకొను హక్కు సీమవారికి అక్కడ ఒప్పుకొనబడెను. నీటి వసతులలో కొన్నియేండ్లు వారికి ముందుచోటు ఒప్పుకొనబడెను. అనంతపురమున విశ్వవిద్యాలయ కేంద్రమును ఒప్పుకొనబడెను. 1953లో ఆంధ్రరాష్ట్ర మేర్పడినప్పుడు కర్నూలు రాజధాని యగుటకు ఆ యొడంబడికయే మూలము. ఒక పక్షపు పత్రికాధిపతి తన యింటి వాకిలిని ఎదుటి పక్షమునకు తెరచెను. పత్రికకు పక్షముండవచ్చును గాని వాకిలికి గొళ్లెము ఉండరాదని శ్రీబాగు మనకు నేర్పుచున్నది.

ఇక ప్రాంతము మాట విడిచి పార్టీల మాటకు వచ్చెదను. మద్రాసు రాజధానిలో బ్రాహ్మణేతరుల హక్కులకై లేచిన పక్షము 1917లో ‘జస్టిస్’ అను ఇంగ్లీషు పత్రికను పెట్టెను. ఆ పత్రిక పేరే పార్టీకి పేరై నిలిచెను. తెలుగున ‘ఆంధ్రప్రకాశిక’ ఆ పక్షమున నిలువగా, కృష్ణా, ఆంధ్ర పత్రికలు జాతీయ కాంగ్రెసు పక్షమున నిలిచెను. ఒక పక్షమువారు ఎదుటివారిని ప్రభుత్వపు తొత్తులనిరి. వారు వీరిని ఒక కులపువారి పలుకుబడికి కాపుగాయువారనిరి. నేడు నిదానముగా చూచినచో, రాజకీయ స్వాతంత్ర్యము కావలెనన్న మాటయు నిజమే. ఆ స్వాతంత్ర్యములో ఎవరి పాలెంత యని యడిగిన ప్రశ్నయు నిజమే. ఒక్క పత్రికనే చదివినవాడు ఆ సత్యములో సగమునే యెరిగియుండెను.

ఇట్టి కలహము మనకే పుట్టినదని తలచువారు అమెరికా దేశపు తొలినాళ్లను చూడవలెను. ఆంగ్లేయుల పాలనను త్రోసివేసి క్రొత్త ప్రజాప్రభుత్వమును నెలకొల్పిన ఆ మహనీయులు, గెలిచిన కొలది యేండ్లకే రెండు పార్టీలుగా చీలిరి. ఒక పార్టీకి ఖజానామంత్రి యగు హామిల్టను నాయకుడు. ఉత్తరపు రాష్ట్రముల వర్తకులలో, ప్రభుత్వమునకు అప్పిచ్చిన ధనికులలో దానికి బలమెక్కువ. రెండవదానికి విదేశాంగమంత్రి యగు జెఫర్సను నాయకుడు; దక్షిణమున వర్జీనియా భూస్వాముల యండ దానికి కలదు. ఇద్దరును వాషింగ్టనుగారి మంత్రివర్గములోనే కూర్చుండిరి. 1789లో జాన్ ఫెన్నో అను నాతడు పెట్టిన గెజెట్టు హామిల్టను పక్షమును పాడెను. దానికి ప్రభుత్వపు ముద్రణపనులు లభించెను. దానికి ఎదురుగా 1791లో ఫిలిప్ ఫ్రెనో అను కవి ‘నేషనల్ గెజెట్టు’ను ప్రారంభించెను. జెఫర్సను అతనికి తన కార్యాలయమున అనువాదకుని ఉద్యోగమిచ్చి, ఏటికి 250 డాలర్ల జీత మేర్పరచెను. ప్రభుత్వపు జీతము తినుచు అతడు ప్రభుత్వమునే దూషించుచున్నాడని 1792లో ఫెన్నో పత్రికలో మారుపేరుతో ఒక లేఖ వెలువడెను. ఆ మారుపేరు వెనుకనున్నవాడు హామిల్టనే!

చూచితిరా! ఒక మంత్రి తన కొలువులోని వానిచేత పత్రిక నడిపించుచున్నాడు. రెండవ మంత్రి ముసుగు వేసికొని దానిని నిందించుచున్నాడు. పక్షములుండుట ఇచ్చట తప్పు కాదు, ముసుగు తప్పు. గోలకొండ పత్రికకును పోషకులుండిరి. నగర కొత్వాలుగా నుండిన రాజాబహద్దరు వేంకటరామారెడ్డిగారి ప్రోత్సాహము దానికి కలదని లోకమెరుగును. ఎరిగియుండుట చేతనే పాఠకుడు ఆ పత్రికలోని ప్రతి మాటను తూచి చూచుకొనగలిగెను. అన్నదాత యెవరో తెలిసిన పత్రికను చదువుట సులభము. తెలియనిదానిని చదువుట చీకటిలో నాణెమును పుచ్చుకొనుట వంటిది.

అమెరికా కథ అంతటితో ముగియలేదు. హామిల్టను పక్షపువారు అధికారములో నుండగా 1798లో రాజద్రోహ శాసనమును చేసిరి. ప్రభుత్వమును, శాసనసభలను, అధ్యక్షుని అపఖ్యాతిపరచునట్లు అబద్ధములు వ్రాసినవారికి రెండువేల డాలర్ల వరకు జరిమానా, రెండేండ్ల వరకు చెర. ఆ శాసనమున ఉపాధ్యక్షునకు మాత్రము రక్షణ లేదు. ఏలయన, నాటి ఉపాధ్యక్షుడు ఎదుటి పార్టీ నాయకుడగు జెఫర్సనే! తమ నాయకుని తిట్టిన నేరము. ఎదుటి నాయకుని తిట్టిన నేరము కాదు. శాసనము ఏ పక్షమున పుట్టినదో ఆ యొక్క లోపమే చెప్పుచున్నది. వెర్మాంటునుండి కాంగ్రెసునకు ఎన్నికైన సభ్యుడు మాత్యూ లయనునకు ఆ శాసనము క్రింద నాలుగు నెలల చెర, వెయ్యి డాలర్ల జరిమానా పడెను. అతడు చెరలో నుండగనే ప్రజలు అతనిని మరల ఎన్నుకొనిరి. 1800 ఎన్నికలలో హామిల్టను పార్టీ ఓడెను. 1801లో శాసనము గడువు తీరి పోయెను.

గెలిచినవారైనను నీతి నేర్చిరా? జెఫర్సను అధ్యక్షుడైన పిమ్మట 1803లో, న్యూయార్కు రాష్ట్రమున, ఆయనను నిందించు వార్త నచ్చువేసిన క్రాస్వెల్ అను చిన్న పత్రికాకారునిపై జెఫర్సను పక్షపువారే అభియోగము తెచ్చిరి. 1804లో అతని పక్షమున న్యాయస్థానమున నిలిచి వాదించినదెవరనుకొంటిరి? హామిల్టను! వ్రాసినది సత్యమైనచో, సదుద్దేశముతో వ్రాసినదైనచో, అది నేరము కాగూడదని ఆయన వాదించెను. నాడు ఆ వాదమునకు తీర్పులో గెలుపు దొరకలేదు గాని, 1805లో ఆ రాష్ట్రము ఆ న్యాయమునే శాసనముగా చేసికొనెను. అధికారమున నున్నప్పుడు అందరికి పత్రిక ముల్లువలె తోచును. అధికారము పోయిననాడు ఆ ముల్లే కంచెయై కాపాడును. కావున నేడు మనకు ఇష్టములేని పత్రిక నోరు మూయబడుచుండగా సంతోషించువాడు, రేపటి తన నోటికి తానే తాళము చేయించుకొనుచున్నాడు.

మన గడ్డమీద ఇంతకంటె ఘోరము జరిగినది. 1944లో భువనగిరి సభ పిమ్మట నిజామాంధ్ర మహాసభ రెండుగా చీలెను. వామపక్షపువారొక దారి, మితవాదులొక దారి. ఆ రెండు దారులవారును నిరంకుశత్వమునకు ఎదురు నిలిచినవారే యైనను, ఒకరి మాట నొకరు నమ్మలేని కాలము వచ్చెను. దేశమునకు స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట హైదరాబాదు భారతదేశములో చేరవలెనా, వలదా యను ప్రశ్న రాజ్యమును మండించెను. అప్పుడు ‘ఇమ్రోజ్’ అను ఉర్దూ పత్రికకు షోయబుల్లాఖాను సంపాదకుడు. చేరవలెనని వ్రాసెను, రజాకార్ల దౌర్జన్యమును ఖండించి వ్రాసెను. వ్రాసినది ఉర్దూలో, వ్రాసినవాడు ముసల్మాను. 1948 ఆగస్టులో ఒక రాత్రి ఇంటికి మరలుచుండగా దుండగులు ఆయనను చంపి చేయి నరికిరి. కలమునకు కలముతో బదులు చెప్పలేనివారు చేతిని నరికిరి. మతమును బట్టి, భాషను బట్టి పత్రిక పక్షమును ముందే నిర్ణయించువారికి షోయబుల్లాఖాను జీవితము చాలినంత సమాధానము.

ఆ పిమ్మటి చరిత్ర మీలో పెద్దలు కన్నులార చూచినది. 1956లో పెద్దమనుషుల యొప్పందముతో ఆంధ్రప్రదేశ మేర్పడెను. ఆ యొప్పందము మీరినారని 1969లో తెలంగాణము లేచెను. 1972లో ఆంధ్రము లేచెను. 2014 జూను 2న తెలంగాణము వేరు రాష్ట్రమయ్యెను. ఇట్టి కాలములందు ఒక పత్రికకు ఉద్యమమైనది మరొక పత్రికకు అల్లరి యగును. ఒకదానికి హక్కైనది మరొకదానికి పంతమగును. రెండు ప్రాంతములవారును ఒకే భాషలో చదువుకొనుచు, ఒకరి బాధ నొకరు చదువుకొనక పోయిన దినములు ఎన్నియో కలవు. రాష్ట్రములు వేరగుటలో తప్పులేదు. ఒకరి మాట నొకరు వినక వేరగుటయే విచారము.

మీ యూరికి పాకాల చెరువు దూరము కాదు గనుక ఒక పోలిక చెప్పెదను. చెరువునకు నీరు రావలెను. వచ్చిన నీరు నిలుచుటకు కట్ట కావలెను. మించిన నీరు పోవుటకు మత్తడి కావలెను. మత్తడి లేని చెరువు వానకు గర్వించి, తన కట్టను తానే తెంపుకొనును. ప్రాంతాభిమానము, పార్టీ యభిమానము మనకు వచ్చు వాననీరు. అది రాకూడదనుట అవివేకము. ఎదుటివాని మాటకు పత్రికలో చోటుండుటయే మత్తడి. 1921లో మత్తడి దొరకని తెలుగువాని యవమానము, పత్రికల రూపమున దారి చేసికొని పొలములకు పారినది. 1948లో మత్తడి నోచని ద్వేషము మనుష్యుని రక్తమును పారించినది.

ఇప్పుడు మీ పఠనాలయమునకు నేనిచ్చు సలహా వినుడు. అమెరికాలో 1792 నాటి తపాలా శాసనము ఒక మంచిపని చేసెను. పత్రికాసంపాదకులు తమ పత్రికలను ఒకరికొకరు తపాలాఖర్చు లేకుండ పంపుకొనవచ్చునని ఆజ్ఞాపించెను. అందువలన బోస్టను సంపాదకుడు వర్జీనియా పత్రికను తెప్పించుకొని, అందలి మాటలను కత్తిరించి తన పత్రికలో వేసికొని, దాని క్రింద తన ఖండనమును వ్రాయుచుండెను. తిట్టుటకైనను ఎదుటివాని మాటను వేయవలసివచ్చెను. పాఠకుడు ఆ తిట్టుతోపాటు ఆ మాటనును చదివెను. అంత కలహములోను ఆ దేశము చీలక నిలిచిన ఆ తొలి దినములలో, ఈ మార్పిడి చేసిన మేలు తక్కువది కాదని నా నమ్మకము.

నేడు ఆ మార్పిడి తగ్గుచున్నది. ప్రతివాని చేతిలోని ఫోను వానికి నచ్చిన వార్తనే తెచ్చి యిచ్చును. నచ్చనిది వాని గడప తొక్కదు. ఒకే యింటిలో తండ్రి యొక లోకమున, కుమారుడు వేరొక లోకమున బ్రతుకుచున్నారు. ఈ స్థితిలో పఠనాలయపు బల్ల యొక్కటే మిగిలిన శ్రీబాగు. హనుమకొండలో 1904లోనే రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయమును స్థాపించిన పెద్దలు తెలుగు చదువునకు ఒక నీడ కల్పించిరి. ఆ నీడలో మనము ఒక నియమమును చేర్చుకొందము. ఒక పత్రికను తెప్పించినచో దాని విరోధి పత్రికను కూడ తెప్పించి, రెంటిని ప్రక్కప్రక్కనే పెట్టవలెను. సభ్యుడెవరైనను వాదము చేయదలచినచో, ఎదుటి పక్షము చెప్పినదేమో ముందు ఎదుటివాడు ఔననునట్లు చెప్పవలెను. ఆ తరువాతనే దానిని ఖండింపవలెను. ఏ పత్రికను చదివినను మూడు ప్రశ్నలు వేసికొనవలెను. దీనికి అన్నము పెట్టువారెవరు? ఎదుటివారి మాట ఇందు ఎంత యున్నది? ఇందున్నది నిందయా, నిదర్శనమా?

ఈ మూడు ప్రశ్నలకు నిలిచిన పత్రిక మీకు విరోధి పక్షముదైనను మీకు మిత్రమే. నిలువనిది మీ పక్షముదైనను మీకు విరోధియే.

కడపట ఒక్కమాట. ఇనుగుర్తి ఇక్కడికి చాల దూరము కాదు. మీ పిల్లల నొకసారి ఆ గ్రామమునకు తీసికొనిపోవుడు. ఈ పల్లెలో ఇద్దరన్నదమ్ములు, చదువుకొనువారు కొద్దిమంది యైన కాలమున, తమ భాషలో వారము వారము పత్రిక నచ్చువేసిరని చూపుడు.  చదువు వచ్చిన పాఠకుడొకడు ఎక్కడనో కలడను నమ్మిక మాత్రమే వారి మూలధనము. ఆ పాఠకుడు మనమే. పత్రికలను నిందించుటకు ముందు, ఆ నమ్మికకు మనము తగియున్నామా యని మనలను మనము ప్రశ్నించుకొందము. పాఠకుడు మేలుకొని యున్నంతకాలము పక్షములు దేశమునేమియు చేయజాలవు.